ఒకే పేరుతో మూడు మొక్కలు: హనుమకొండ పెరట్లో ఏనుగు చెవి పెంపకం, ఒక కేస్ స్టడీ

హనుమకొండలో పడమటి ముఖంగా ఉన్న ఒక ఇంటి ముందు జాగాలో 2022 ఫిబ్రవరి నుంచి 2024 చివరి వరకు నేను చూసుకున్న పదకొండు ఏనుగు చెవి మొక్కల కథ ఇది. ఇళ్ళ తోటలు వేయడం, వాటిని నిలబెట్టడం నా వృత్తి. ఈ కేసులో మొదటి వేసవికి రెండు మొక్కలు పూర్తిగా పోయాయి, మిగిలినవి చావు అంచుదాకా వెళ్ళి వచ్చాయి. ఆ నష్టంలో ప్రధాన భాగం నేను ఇచ్చిన సలహా వల్లనే జరిగింది కనుక, ఏం చేశానో, అది ఎందుకు తప్పయిందో, తరువాత ఏం మార్చానో వివరంగా రాస్తున్నాను.

ఇంటి యజమానురాలు విశ్రాంత ఉపాధ్యాయురాలు. ఒక నర్సరీలో పెద్ద ఆకులు చూసి ముచ్చటపడి పదకొండు మొక్కలు ఒకేసారి కొన్నారు. అన్నింటికీ అక్కడ చెప్పిన పేరు ఒక్కటే, ఏనుగు చెవి. ఆకులు కొంచెం తేడాగా ఉన్నాయని నేనూ గమనించాను గానీ, రకాల తేడా అనుకున్నానే తప్ప జాతుల తేడా అని ఆలోచించలేదు. నాలుగింటిని పడమటి ప్రహరీ వెంట భూమిలో పెట్టించాను, ఏడింటిని పన్నెండు అంగుళాల నల్ల ప్లాస్టిక్ కుండీలలో మెట్ల పక్కన వరుసగా ఉంచాను. ఇవి నీటిని ఇష్టపడే మొక్కలు కాబట్టి రోజూ నీళ్ళు పోయాలని, ఎండలు ముదిరితే రెండు పూటలా పోయాలని ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ కాగితమే ఈ కేసుకు మూలం.

ఏప్రిల్ చివరి వారంలో టీచర్ గారు ఫోన్ చేశారు. "సారూ, పొద్దుగాల మంచిగనే ఉంటున్నయి, పగటిపూట తలకాయలు వేలాడేస్తున్నయి. నీళ్ళు పోసినా లేస్తలేవు" అన్నారు. మూడో పూట కూడా పోయండి, టీచరమ్మా అని చెప్పాను. మే రెండో వారానికి నాలుగు కుండీలలో కాడలు మొదట్లో మెత్తబడి, పట్టుకుంటే చేతికి ఊడి వచ్చే స్థితికి చేరాయి.

మొక్కను గుర్తుపట్టడం

కుళ్ళిన మొక్కలను కుండీల నుంచి తీసి నేల మీద పరిచి, బతికి ఉన్న వాటి పక్కన పెట్టి చూసినప్పుడు గానీ నాకు విషయం అర్థం కాలేదు. ఏనుగు చెవి అన్న పేరు కింద మన మార్కెట్లో అమ్ముడయ్యేవి ఒకే కుటుంబానికి చెందిన మూడు వేర్వేరు ప్రజాతులు. మొదటిది కొలొకేసియా, అంటే మన చామగడ్డ ప్రజాతి. రెండోది అలొకేసియా, ప్రధానంగా ఆగ్నేయాసియా అడవుల నుంచి వచ్చినది. మూడోది జాంతోసోమా, దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. మూడింటి ఆకులూ బాణపు మొన ఆకారంలోనే ఉంటాయి, కానీ దగ్గరగా చూస్తే తేడాలు స్పష్టం.

కొలొకేసియాలో కాడ ఆకు అంచున కాకుండా, అంచు నుంచి కొంత లోపలికి, ఆకు వెనుక భాగాన అతుక్కొని ఉంటుంది. ఆకు మొన నేలవైపు చూస్తుంది. మీద నీళ్ళు చల్లితే తామరాకు మీద పడ్డట్టే ముత్యాలుగా జారిపోతాయి. పెద్ద అలొకేసియాలో ఆకు రెండు చెవుల మధ్య చీలిక దాదాపు కాడ దాకా వస్తుంది, ఆకు మెరుస్తూ మందంగా ఉంటుంది, మొన ఆకాశం వైపు లేచి ఉంటుంది. జాంతోసోమాలో చీలిక పూర్తిగా కాడను తాకుతుంది, అంతేకాక ఆకు అంచు వెంబడి ఒక సన్నని ఈనె చుట్టూ తిరిగి ఉంటుంది. ఆ అంచు ఈనెను ఒకసారి చూస్తే మళ్ళీ మరచిపోవడం కష్టం. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. అలొకేసియా పిల్ల మొక్కలలో కాడ కొలొకేసియా మాదిరిగానే లోపలికి అతుక్కొని ఉండవచ్చు కనుక చిన్న మొక్కను చూసి తీర్పు చెప్పకూడదు, నాలుగైదు ఆకులు వచ్చి ఎదిగేదాకా ఆగాలి.

ఈ లెక్కన పదకొండులో నాలుగు కొలొకేసియాలు, ఐదు అలొకేసియాలు, రెండు జాంతోసోమాలు తేలాయి. కుండీలలో కుళ్ళిన నాలుగూ అలొకేసియాలే. కొలొకేసియా వరి మడిలో వరిలాగా వేర్లు నీటిలో మునిగినా బతకగలదు. అలొకేసియా వేర్లకు తేమతో పాటు గాలి కూడా తప్పనిసరి. అవి పుట్టిన చోట వాన ఎంత కురిసినా నీళ్ళు నిలవకుండా ఇంకిపోయే ఆకుల ఎరువు నేల ఉంటుంది. జాంతోసోమా ఈ రెండింటికీ మధ్యస్థం. అంటే నేను ఒకే కాగితం మీద రాసిచ్చిన సలహా నాలుగు మొక్కలకు చాలలేదు, ఐదింటికి విషమయింది.

పగటి వాలుడు, పొద్దుటి వాలుడు

ఈ కేసు నాకు నేర్పిన ముఖ్యమైన విషయం మధ్యాహ్నపు వాలుడు గురించి. మే నెలలో మన దగ్గర ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరినప్పుడు, వడగాలి వీచేటప్పుడు గాలిలో తేమ బాగా పడిపోతుంది. రెండు అడుగుల ఆకు నుంచి ఆవిరయ్యే నీటిని వేర్లు అదే వేగంతో అందించలేవు. మట్టి తడిగా ఉన్నా సరే ఆకు వాలిపోతుంది, పొద్దు గూకిన తరువాత తిరిగి లేస్తుంది. ఇది దాహం కాదు, మొక్క తనను తాను కాపాడుకునే పద్ధతి. ఆ సమయంలో తడి మట్టిలో మళ్ళీ నీళ్ళు పోస్తే మట్టి రంధ్రాలలోని గాలి బయటికి పోతుంది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, వేర్లకేమో ఆ వేడిలో అది ఎక్కువ కావాలి. రెండు మూడు రోజులలో సన్నని వేర్లు చస్తాయి, చచ్చిన వేర్లు నీటిని పీల్చలేవు కనుక ఆకు మరింత వాలుతుంది, అది చూసి మనం మరింత నీరు పోస్తాం. టీచర్ గారింట్లో జరిగింది అచ్చంగా ఇదే.

అప్పటి నుంచి నేను ఎవరికి చెప్పినా ఒకటే మాట చెబుతున్నాను. మొక్కను పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య చూడండి. రాత్రంతా గడిచినా ఆకు లేవకపోతేనే అది సమస్య. అప్పుడు కూడా వెంటనే నీళ్ళు పోయకుండా ఒక కట్టెపుల్లను మట్టిలో నాలుగు అంగుళాలు గుచ్చి తీయాలి. పుల్ల పొడిగా వస్తే నీళ్ళు కావాలి. తడి మట్టి అంటుకొని వచ్చి, ఆకు మాత్రం వాలి ఉంటే వేర్లు కుళ్ళుతున్నాయని అర్థం, అప్పుడు నీళ్ళు ఆపి కుండీ బోర్లించి చూడాలి.

కుండీల విషయంలో ఇంకొక కారణం కూడా కలిసింది. నల్ల ప్లాస్టిక్ కుండీకి పడమటి ఎండ నేరుగా తగిలితే ఆ వైపు గోడకు ఆనుకొని ఉన్న మట్టి చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. కుండీలోంచి తీసిన ప్రతి మొక్కకూ పడమటి వైపు వేర్లు గోధుమరంగులోకి మారి పీచులా ఉన్నాయి, తూర్పు వైపు వేర్లు కొంతవరకు తెల్లగా ఉన్నాయి. మెట్ల పక్కన వేసిన బండలు సాయంత్రం దాకా వేడిని పట్టి ఉంచి రాత్రంతా వదులుతూ ఉన్నాయి.

మరొక సంగతి జూన్‌లో గానీ బయటపడలేదు. నీళ్ళు వృథా చేయకూడదనే మంచి ఉద్దేశంతో టీచర్ గారు తాగునీటి ఆర్వో యంత్రం బయటికి వదిలే నీటిని మొక్కలకు పోస్తున్నారు. మన బోరు నీళ్ళే ఉప్పు నీళ్ళు, ఆ యంత్రం వదిలే నీటిలో ఆ ఉప్పులు ఇంకా చిక్కగా ఉంటాయి. కుండీల అంచున తెల్లటి పెచ్చు కట్టడం, ముదురు ఆకుల కొనలూ అంచులూ ముందుగా మాడిపోవడం దీని గుర్తులు. ఎండ దెబ్బ అలా ఉండదు, ఎండకు ఎదురుగా ఉన్న భాగంలో, చాలాసార్లు ఆకు నడుమ, కాగితంలాంటి తెల్లని మచ్చగా వస్తుంది. ఆ నీటిని నేల కడగడానికి మళ్ళించి, దాని బదులు ఏసీ నుంచి కారే నీటిని ఒక డ్రమ్ములో పట్టించాను. ఏసీ నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు. మొక్కకు నీళ్ళు బాగా కావలసిన మే నెలలోనే ఏసీ కూడా ఎక్కువగా నడుస్తుంది. వేసవిలో ఈ ఇంటి కుండీలకు సగం నీళ్ళు అక్కడి నుంచే వచ్చాయి.

కుళ్ళిన దుంపలు

నాలుగు అలొకేసియాలలో ఒకదానికి వేర్లు మాత్రమే పోయాయి, దుంప గట్టిగా ఉంది. మిగిలిన మూడింటి దుంపలను కడిగి, మెత్తబడిన భాగాన్ని పదునైన కత్తితో తెల్లని గట్టి కండ కనిపించేదాకా కోసేశాను. ప్రతి కోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడిచాను. కోసిన చోట కుళ్ళును ఆపే రాగి మందు కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను ముద్దగా చేసి పూసి, మూడు రోజులు నీడలో ఆరబెట్టి, కొద్దిపాటి తడి ఉన్న ఇసుకలో సగం వరకు పాతిపెట్టాను. రెండు దుంపలు అప్పటికే నడుమ దాకా చెడిపోయి ఉండడంతో దక్కలేదు. ఒకటి ఐదు వారాలకు మొలక వేసింది. అలా తొమ్మిది మొక్కలు మిగిలాయి.

ఈ పని చేసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోవాలి. ఈ మొక్కల రసంలో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల మాదిరిగా ఉంటాయి, చర్మానికి తగిలితే విపరీతమైన దురద పుడుతుంది. తొడుగులు లేకుండా ఆకులు ఎత్తిన పనిమనిషి ఆ రోజంతా ఇబ్బంది పడింది, ముందుగా హెచ్చరించకపోవడం నా పొరపాటు. ఇంట్లో మూడేళ్ళ మనవరాలు ఉంది కనుక చేతికందే ఎత్తులో కుండీలు ఉంచవద్దని ఆనాడే నిర్ణయించాం. ఆకు నమిలితే నోరు, గొంతు వాచిపోతాయి. కుక్కలకూ పిల్లులకూ ఇదే ప్రమాదం. పక్కింటావిడ ఒకరోజు "చామాకులు మస్తు పెరిగినయి గదక్కా, రెండు పప్పుల వేసుకుంట" అని అడిగిందట. టీచర్ గారు నన్ను అడిగిన తరువాతే జవాబిస్తామని ఆగడం మంచిదయింది. కూరకు వాడే చామాకు కూడా చింతపండు వేసి బాగా ఉడికిస్తేనే దురద పోతుంది. అలంకారానికి పెంచే అలొకేసియాను వంటింటి గడప దాటనీయకూడదు.

మార్పులు

మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక మొత్తం అమరికను మార్చాను. పడమటి ప్రహరీ వెంట ఉన్నవాటిని తీసి, ఇంటికి ఈశాన్యాన వేపచెట్టు కిందికి తెచ్చాను. అక్కడ పది గంటల వరకు పొద్దుటి ఎండ పడుతుంది, తరువాత చెదురు నీడ. పడమటి పక్కన యాభై శాతం షేడ్‌నెట్‌ను పైకప్పుగా కాకుండా నిలువు తెరగా కట్టించాను, ఎందుకంటే నాకు అడ్డుకోవలసింది నడినెత్తి ఎండ కన్నా మూడు గంటల ఏటవాలు ఎండ, దానితో వచ్చే వేడిగాలి.

ఆ స్థలంలో పైన అడుగున్నర నల్లమట్టి, దాని కింద మొరం. నల్లమట్టి వానకు ముద్దయి ఎండకు నెర్రెలు బారుతుంది, అలొకేసియాకు ఇది ఏమాత్రం సరిపడదు. కాబట్టి మట్టిని తవ్వకుండా దాని మీదే అడుగున్నర ఎత్తు మడి కట్టించాను. అందులో ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మగ్గిన పశువుల ఎరువు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, రైస్ మిల్లు నుంచి తెచ్చిన నల్లగా కాల్చిన ఊక ఒక పాలు కలిపాను. కాల్చిన ఊక మట్టిని గుల్లగా ఉంచుతుంది, ఉమ్మడి వరంగల్‌లో దీనికి కొదువ లేదు. పైన నాలుగు అంగుళాల మందం వరిగడ్డి కప్పాం. రెండు జాంతోసోమాలను అదే మడి అంచున, కొంచెం పల్లంలో పెట్టాను.

కొలొకేసియాలకు దీనికి పూర్తి విరుద్ధమైన ఏర్పాటు చేశాను. పాతకాలపు సిమెంటు గోలెం ఒకటి ఇంటి వెనుక వాడకుండా పడి ఉంది. అడుగున రంధ్రం లేని ఆ గోలెంలో సగం వరకు నల్లమట్టి, పశువుల ఎరువు నింపి, పైన రెండు అంగుళాల నీరు నిలిచేలా పెట్టి రెండు మొక్కలు నాటాను. దోమలు పెరగకుండా నీటిలో గప్పీ చేపలు వదిలాం. మిగతా రెండింటిని కూరగాయలు కడిగిన నీళ్ళు వెళ్ళే చోట భూమిలో నాటాను. అంట్లు తోమిన సబ్బు నీరు అటు రాకుండా కాలువ మళ్ళించాం. అక్కడ ఒక హద్దు కూడా పెట్టవలసి వచ్చింది. కొలొకేసియాలో కొన్ని రకాలు నేల మీద పొడవైన తీగలు పంపి ప్రతి కణుపు దగ్గర కొత్త మొక్క వేస్తాయి. తడి నేల దొరికితే చుట్టుపక్కల మొక్కలను బతకనీయవు. అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడి నేలలలో ఈ మొక్క పెద్ద బెడదగా మారింది. మన చెరువులకు ఇప్పటికే గుర్రపుడెక్క భారం చాలు, కనుక తీసేసిన దుంపలనూ తీగలనూ చెరువు గట్టునో మోరీలోనో పారేయవద్దని, ఎండబెట్టి కాల్చాలని గట్టిగా చెప్పాను.

కుండీలో ఉంచాలనుకున్న రెండు అలొకేసియాలకు జోడు కుండీ పద్ధతి వాడాను. రంధ్రాలున్న ఇరవై అంగుళాల కుండీని ఇరవై ఆరు అంగుళాల మట్టి గోలెంలో దించి, మధ్య ఖాళీని తడి కొబ్బరి పీచుతో నింపాను, గోలెం అడుగున కూడా నీరు పోయేందుకు రంధ్రం కొట్టించాను. బయటి మట్టి పాత్ర గుండా తేమ ఆవిరవుతూ లోపలి కుండీని చల్లగా ఉంచుతుంది. మూడో ఏటి మే నెలలో కూడా ఈ కుండీలలో వేర్లు మాడలేదు.

ఎరువు గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ఇవి బాగా తినే మొక్కలు. జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకొకసారి మొక్కకు కిలో వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి, పదిహేను రోజులకొకసారి నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే 19:19:19 ఎరువును లీటరుకు మూడు గ్రాముల చొప్పున నీళ్ళలో కలిపి ఇచ్చాం. చలి రాత్రులలో పాదరసం పదిహేను డిగ్రీల కిందికి దిగినప్పుడు ఎదుగుదల ఆగిపోతుంది కాబట్టి డిసెంబరు, జనవరిలో ఎరువు ఇవ్వలేదు, నీళ్ళూ తగ్గించాం. మే నెలలో కూడా ఇవ్వలేదు, వేడికి అల్లాడే మొక్కకు ఎరువు ఉప్పుతో సమానం.

ఆగస్టులో ఒక చిక్కు వచ్చింది. నల్లమట్టిలోని కొలొకేసియాలకు కొత్త ఆకులు ఈనెలు ఆకుపచ్చగా, మధ్యభాగం పసుపుగా రావడం మొదలైంది. ముదురు ఆకు పసుపైతే అది వయసో, నత్రజని లోపమో కావచ్చు. లేత ఆకు ఇలా పసుపైతే మన నేలల్లో, మన బోరు నీళ్ళతో అది చాలావరకు ఇనుప ధాతు లోపమే. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయించాను, ఫలితం రాలేదు. కారణం ఆకే. మందు కూడా ముత్యాలుగా జారి నేలపాలైంది. ఆకుకు అంటుకునేలా చేసే స్టిక్కర్ మందు కలిపి, ఆకు వెనుక వైపు కూడా తడిసేలా వారం తేడాతో మూడుసార్లు కొట్టించాక తరువాతి ఆకులు పచ్చగా వచ్చాయి.

2023 జులై వానలు

ఈ అమరికకు అసలు పరీక్ష మరుసటి ఏడాది వచ్చింది. 2023 జులై చివరి వారపు వానలు ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేనివి. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, హనుమకొండ, వరంగల్ కాలనీలు నీట మునిగాయి. ఈ ఇంటి ఆవరణలో కూడా రెండు రోజులు అడుగు లోతు నీరు నిలిచింది. అడుగున్నర ఎత్తు మడిలో ఉన్న మొక్కల వేళ్ళలో పై భాగం నీటికి పైనే ఉండడంతో ఒక్క మొక్కా పోలేదు. అదే ముందటి ఏడులా నేలమట్టంలో ఉండి ఉంటే ఒక్కటీ దక్కేది కాదని నా నమ్మకం.

నీటిని తట్టుకున్న కొలొకేసియాలే ఆ తరువాత జబ్బు పడ్డాయి. ముసురు పట్టిన పది రోజులలో ఆకుల మీద నీటిలో నానినట్టున్న ముదురు మచ్చలు, వలయాలుగా పెరుగుతూ, తేనెరంగు చుక్కలు కారుస్తూ కనిపించాయి. ఇది ఫైటాఫ్తొరా అనే బూజులాంటి సూక్ష్మజీవి వల్ల వచ్చే ఆకు ఎండు తెగులు, చామ పంటకు పెద్ద శత్రువు. మచ్చ పడ్డ ఆకులన్నీ కాడతో సహా కోసి తీసేసి, మిగిలిన వాటికి స్టిక్కర్ కలిపిన కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాముల చొప్పున పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టించాను. చేపలున్న గోలెం దగ్గర మాత్రం మందు వాడలేదు, రాగి చేపలకు ప్రాణాంతకం. అక్కడ రోజూ ఆకులు తెంపడంతోనే సరిపెట్టుకున్నాం. సెప్టెంబరుకు కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి.

వేసవిలో ఎదురయ్యేది ఎర్రనల్లి. ముఖ్యంగా జాంతోసోమాల ఆకు వెనుక సన్నని గూడు, పైన ఇసుక చల్లినట్టు తెల్లని చుక్కలు వస్తాయి. గంధకం మందు దీనికి వాడుతారు గానీ, మన మే నెల ఎండలో అది ఆకునే కాల్చేస్తుంది. రెండు రోజులకొకసారి తెల్లవారకముందే పైపుతో ఆకు వెనుక భాగాన్ని గట్టిగా కడిగితే మూడు వారాలలో అదుపులోకి వచ్చింది.

కొలతలు

ఏటా బతుకమ్మ పండుగ అయిన వారంలో, అంటే ఎదుగుదల పతాక స్థాయిలో ఉన్నప్పుడు, ప్రతి మొక్కలో అన్నింటికన్నా పెద్ద ఆకును కాడ అతికిన చోటు నుంచి కొన దాకా కొలిచాను. మడిలోని పెద్ద అలొకేసియా 2022లో 22 అంగుళాలు, 2023లో 34, 2024లో 41 అంగుళాల ఆకు వేసింది, మొక్క ఎత్తు ఏడు అడుగులు దాటింది. జోడు కుండీలోని రెండూ రెండో ఏటికే 24 అంగుళాలకు చేరి అక్కడే ఆగాయి. వేళ్ళకు దొరికే చోటే ఆకు పరిమాణాన్ని నిర్ణయిస్తుందనడానికి ఇంతకన్నా రుజువు నాకు అక్కరలేదు. గోలెంలోని కొలొకేసియా 15 నుంచి 21 అంగుళాలకు పెరిగింది.

ఆకుల సంఖ్య మాత్రం పెద్దగా పెరగలేదు. ఒక మొక్క ఒక సమయంలో నాలుగు నుంచి ఆరు ఆకులనే నిలుపుకుంటుంది, కొత్తది విప్పుకునేటప్పుడు అడుగున ఉన్నది పసుపై వాలిపోతుంది. టీచర్ గారు మొదట ప్రతి పసుపు ఆకుకూ నాకు ఫొటో పంపేవారు. ఇప్పుడు పైన కొత్త ఆకు చుట్టుకొని లేస్తున్నదో లేదో చూసి, లేస్తుంటే కింది దానిని తానే కోసేస్తున్నారు.

2024 మే నెలలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు మెట్ల దగ్గర, వేప కింద ఒకేసారి వేడి, తేమ కొలిచే రెండు మీటర్లు పెట్టి చూశాను. మెట్ల దగ్గర 44 డిగ్రీలు, గాలిలో తేమ 17 శాతం. వేప కింద తడిసిన గడ్డి, గుంపుగా ఉన్న ఆకుల మధ్య 39 డిగ్రీలు, 31 శాతం. అప్పుడు కూడా అలొకేసియా ఆకులు వాలి ఉన్నాయి. ఎవరూ నీళ్ళు పోయలేదు. మరునాడు పొద్దున ఆరున్నరకు టీచర్ గారు పంపిన ఫొటోలో అన్నీ లేచి నిలబడ్డాయి, ఆకు కొనలకు నీటిబొట్లు వేలాడుతున్నాయి.

కుండీలలో ఆగిపోయిన రెండు అలొకేసియాలలో ఒకదానిని వచ్చే మృగశిరకు మడిలోకి మార్చాలని నిర్ణయించాం. దాని కోసం మడిని తూర్పు వైపు నాలుగు అడుగులు పొడిగించి, ఊక, ఎరువు కలిపిన మట్టిని ఇప్పటికే నింపి మగ్గబెడుతున్నాం.